కాళ్లు బిగుసుకుపోతుంటే మెడకు స్కానింగ్ ఎందుకు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా దర్శి దగ్గర పల్లె. మా అమ్మకు 56 ఏళ్లు. ఏడాదిన్నరగా కాళ్లు బరువెక్కి బిగుసుకుపోతున్నాయంటోంది. గడప దాటేటప్పుడు కాలు తట్టుకుంటుంది. నడుస్తూ ఉండగా చెప్పు జారిపోయినా తెలియదు. ఈ మధ్య రవిక హుక్కులు పెట్టడానికి నన్ను పిలుస్తోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని చెప్పి ఎర్ర సూదులు వేశారు. ఒంగోలులో నడుముకు ఎమ్మారై తీయిస్తే డిస్కు కొద్దిగా అరిగిందన్నారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ‘ఇది ఫ్లోరైడ్, చేసేదేమీ లేదు’ అన్నారు. అమ్మ పుట్టిల్లు కొత్తపట్నం వైపు. ఆమె పళ్లు తెల్లగా ఉంటాయి. నాన్నవీ మావీ గారపట్టి ఉంటాయి. అలాంటప్పుడు ఆమెకు ఫ్లోరైడ్ ఎలా వస్తుందని మా మేనమామ వాదన. మెడకు, నడుముకు నూనె పట్టించి లాగే మనిషి దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు. పిన్ని కొడుకు నేరుగా బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లమంటున్నాడు. ఆపరేషన్ అంటే మంచాన పడుతుందని నాన్న భయం. ఎవరి మాట వినాలి? తమ్ముడు ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. నరాల డాక్టరు కావాలంటే ఇంకా ఎన్నేళ్లు పడుతుంది?

— ఒక పాఠకురాలు, దర్శి మండలం

జవాబు: ముందు మీ మేనమామను ఆపండి. అమ్మ మెడకు నూనె పట్టించి లాగడం, విరవడం, బిగించి కట్టడం ఏవీ జరగకూడదు. మిగతావాళ్లలో ఎవరి మాట వినాలన్నది తర్వాత చూద్దాం, ఈ ఒక్కటి మాత్రం ఈ రోజే వినండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే మెడ దగ్గర వెన్నుపాము (మెదడు నుంచి చేతులకూ కాళ్లకూ వెళ్లే నరాల దారులన్నీ ఉండే తాడు) నొక్కుకుపోతోందేమోనన్న అనుమానం బలంగా కలుగుతోంది. అసలే చోటు చాలక ఇరుక్కున్న వెన్నుపాము మీద ఇంకొకరి చేతిబలం తోడైతే, నడిచి వెళ్లిన మనిషిని మోసుకుని తేవలసి వస్తుంది.

చూడకుండానే ఇంత మాట ఎలా అంటున్నానంటే, కావలసిన వివరాలన్నీ మీరే ఇచ్చారు. రవిక హుక్కుల సంగతి మీరు మధ్యలో ఎక్కడో ఒక ముక్కగా రాశారు గానీ, నా కళ్లు ముందు అక్కడే ఆగాయి. నడుములో డిస్కు ఎంత అరిగినా చేతివేళ్లు తడబడవు. కాళ్లూ చేతులూ రెండూ చెడుతున్నాయంటే కారణం ఆ రెండింటికీ పైన వెతకాలి. ఒంట్లోని నరాలన్నీ దెబ్బతిన్నా రెండూ చెడతాయి, నిజమే. కానీ అప్పుడు కాళ్లు సడలి పలచబడతాయి. మీ అమ్మ కాళ్లు బిగుసుకుంటున్నాయి.

చెప్పు విషయం కూడా అంతే. జారిపోతోందని రోగి చెప్పగానే నరాల డాక్టరు అడిగే ఎదురు ప్రశ్న ఒకటుంది: జారినప్పుడు తెలుస్తోందా, తెలియకుండానే జారిపోతోందా? తెలిసి జారితే పాదంలో పట్టు తగ్గిందనుకుంటాం. తెలియకుండా జారితే, కాలు ఎక్కడుందో మెదడుకు చేరవేసే దారులు చెడుతున్నాయేమోనని చూస్తాం. ఆ దారులు వెన్నుపాము వెనక భాగంలో ఉంటాయి. ‘తెలియదు’ అని మీరే రాశారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఇంట్లో రెండు పనులు చేయండి. అమ్మను కూర్చోబెట్టి, అరచేయి కిందికి ఉంచి, పిడికిలి బిగించడం, వేళ్లు పూర్తిగా చాచడం వీలైనంత వేగంగా చేయమనండి. గడియారం పెట్టుకుని 10 సెకన్లలో ఎన్నిసార్లు చేయగలిగిందో లెక్కపెట్టండి. మామూలుగా 20 సార్లు, అంతకన్నా ఎక్కువే చేస్తారు. కీళ్లనొప్పులేమీ లేకుండానే ఆ లెక్క బాగా పడిపోతే మెడ మీద అనుమానం గట్టిపడుతుంది. దీంతో జబ్బు తేలిపోదు, డాక్టరు ముందు పెట్టడానికి ఒక అంకె దొరుకుతుంది, అంతే. రెండోది, ఆమె పది అడుగులు నడిచి, తిరిగి వెనక్కి వచ్చే వీడియో ఫోనులో తీయండి. పాదాలు కనబడేలా కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకోమనండి. ఓపీ గదిలో డాక్టరు ముందు జాగ్రత్తగా వేసే నాలుగు అడుగుల కంటే ఇది మాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక నడుము ఎమ్మారై. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుము పూస దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి ఉండేవి దాని నుంచి దిగిన నరాల పోగులు మాత్రమే. కాళ్ల బాధ అనగానే నడుముకు స్కాను రాసేయడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ ఫిల్ములో వెన్నుపాము కొస మాత్రమే పడుతుంది, అసలు తంటా ఉన్న చోటు పడదు. పైగా యాభై దాటినవాళ్లలో ఎవరికి తీసినా డిస్కు కొద్దో గొప్పో అరిగే కనబడుతుంది కాబట్టి, జవాబు దొరికిందనుకుని అందరూ ఇంటికి వెళ్లిపోతారు. ఇప్పుడు కావలసింది మెడ ఎమ్మారై, దాంతోపాటే వెన్నెముక మొత్తం ఒకసారి చూసే స్క్రీనింగ్. ఫ్లోరైడ్ ఉన్న మనిషిలో నొక్కుడు ఒక్క చోటే ఉండాలని లేదు. ఎముక ఎక్కడ ఎంత పెరిగిందో తెలియడానికి సర్జన్ సీటీ కూడా అడగవచ్చు.

స్కాను కంటే ముందు జరగవలసింది ఒకటుంది. డాక్టరు చిన్న సుత్తితో మోకాలిచిప్ప కింద తట్టి చూడాలి. వెన్నుపాము నొక్కుకుపోయిన మనిషిలో కాలు మామూలు కన్నా గట్టిగా ఎగిరిపడుతుంది. తర్వాత మొద్దు మొన ఉన్న వస్తువుతో అరికాలి బయటి అంచు వెంట మడమ నుంచి పైకి గీస్తారు. బొటనవేలు కిందికి ముడుచుకుంటే సరే. నెమ్మదిగా పైకి లేస్తే వెన్నుపాములోనో మెదడులోనో దెబ్బ ఉన్నట్టు. బాబిన్‌స్కీ అనే వైద్యుడు పారిస్‌లో 1896లో దీన్ని వివరించాడు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా దీనంత చవకైన, నమ్మదగిన పరీక్ష మా వృత్తిలో ఇంకొకటి రాలేదు. ఏడాదిన్నరలో ఇంతమంది దగ్గరికి తిరిగారు కదా, ఎవరైనా అమ్మ చెప్పులు విప్పించి అరికాలు చూశారా? ఈసారి వెళ్లినచోట చూడకపోతే మీరే అడగండి. మొహమాటపడవలసిన పనేమీ లేదు.

మేనమామ వాదనకు వద్దాం. పళ్ల గార ఫ్లోరైడ్ గుర్తే. అయితే అది పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తుంది. పన్ను ఒకసారి గట్టిపడి బయటికి వచ్చాక ఎన్ని నీళ్లు తాగినా గార పట్టదు. మీ అమ్మ చిన్నతనమంతా సముద్రతీరంలో గడిచింది. పెళ్లయి మెట్టకు వచ్చి, అప్పటి నుంచీ మీ ఊరి బోరు నీళ్లు తాగింది. పళ్లు పుట్టింటి నీళ్ల కథ చెబుతాయి, ఎముకలు అత్తింటి నీళ్ల కథ. కోడళ్ల విషయంలో ఈ పొరపాటు మన జిల్లాల్లో చాలా ఇళ్లలో జరుగుతుంది.

ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముకలోని ఖనిజంలోకి దూరి, ఎముకను మందంగా, తెల్లగా మారుస్తుంది. ఆ తెలుపే ఎక్స్‌రేలో కనబడుతుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా గట్టిపడి ఎముకలా కనిపిస్తే ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ జబ్బు అని ధైర్యంగా చెప్పవచ్చు. అందుకే చేతి ఎక్స్‌రే లేకపోతే ఒకటి తీయించండి. మీ అమ్మ విషయంలో ముఖ్యమైనది వెన్నుపూసల వెంట ఉండే పట్టీల లాంటి బంధకాలు. అవి కూడా ఎముకగా మారి, వెన్నుపాము ఉండే గొట్టాన్ని లోపలి నుంచి ఇరుకు చేస్తాయి. వెన్నుపాము నలుగుతుంది, దాని నుంచి బయటికి వచ్చే నరాల మొదళ్లూ నలుగుతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేశారు. 2009లో ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో ఆయన రాసిన సమీక్షా వ్యాసాన్ని మీ తమ్ముడికి చూపించండి, ఇప్పటి నుంచే చదువుకుంటాడు. (ఆయనకు పాత నాణేల మీద కూడా గొప్ప అధికారం ఉంది. ఓపిక అక్కడి నుంచి వచ్చిందేమో!)

ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్లగొండ గుర్తొస్తుంది గానీ, మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది మీ ప్రాంతం గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. దుక్కిటెద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని ముందు రైతులే గమనించారు. మనుషుల్లో అదే అవస్థ ఆ తర్వాత బయటపడింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో నెల్లూరు జిల్లా పేరుతో సహా దీన్ని ప్రచురించారు. నల్లగొండ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం వచ్చింది 1955లో. ఇంత పాత చరిత్ర ఉన్న చోట ఇప్పటికీ ‘నరాల బలహీనత’ అని సూదులు వేస్తున్నారంటే నాకు కొంచెం కోపమే వస్తుంది.

ఎముకల డాక్టరు చెప్పినదాంట్లో సగం సరైనదే. ఎముకలో చేరిన ఫ్లోరైడును బయటికి లాగే మందు లేదు. కానీ వెన్నుపాము మీద పడిన ఒత్తిడిని తీసేసే దారి ఉంది. పైగా ఫ్లోరైడ్ ఉన్నంత మాత్రాన ఇంకే జబ్బూ రాకూడదని లేదు. ఫ్లోరైడ్ ఊళ్లో ఉండే మనిషికి వెన్నెముక క్షయ రావచ్చు, వెన్నుపాము పక్కన గడ్డ రావచ్చు, విటమిన్ బీ12 లోపం రావచ్చు. ఈ మూడింటికీ వైద్యం ఉంది. ఫ్లోరైడ్ అనే పేరు తగిలించి వదిలేస్తే మూడూ తప్పిపోతాయి.

బీ12 గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ ఎర్ర సూదులు అవే అయి ఉంటాయి. బీ12 లోపం కూడా వెన్నుపామును దెబ్బతీస్తుంది. కాలు ఎక్కడుందో తెలియకపోవడం దానిలోనూ ఉంటుంది. మాంసం, పాలు తక్కువగా తినేవాళ్లలో, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఎక్కువ. చిక్కేమిటంటే, సూదులు పడ్డాక రక్తంలో బీ12 చూస్తే ఎక్కువగానే కనబడుతుంది, అసలు లోపం ఉండేదో లేదో తేలదు. అందువల్ల ఏ సూదులు, ఎప్పుడెప్పుడు, ఎన్ని వేశారో ఆర్‌ఎంపీ దగ్గర రాయించుకుని డాక్టరుకు చూపండి. అవసరమైతే వాళ్లు హోమోసిస్టీన్ లాంటి పరీక్ష రాస్తారు. ఆర్‌ఎంపీల మీద నాకు చిన్నచూపు లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే. కానీ ఈ సూదుల వల్ల ఏడాదిన్నర గడిచిపోయింది.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? మన ఊళ్లలో ‘నరాల డాక్టర్’ అనే బోర్డు కింద ముగ్గురు నలుగురు వేర్వేరు రకాల వైద్యులు కూర్చుంటారు. మెదడు, వెన్నుపాము, నరాల జబ్బులను పరీక్షించి, మందులతో వైద్యం చేసేవారు న్యూరాలజిస్టు. పేరు వెనక డీఎం లేదా డీఆర్‌ఎన్‌బీ న్యూరాలజీ ఉంటుంది. ఆపరేషన్ చేసేవారు న్యూరోసర్జన్, వారికి ఎంసీహెచ్ ఉంటుంది. వెన్నెముక మీద ప్రత్యేక శిక్షణ పొందిన ఎముకల సర్జన్లు కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు. మానసిక వైద్యులు వేరు. మీ అమ్మ ముందు న్యూరాలజిస్టును కలవాలి. బీ12, క్షయ, గడ్డ, ఫ్లోరైడ్ వీటిలో ఏదో తేల్చేది ఆయనే లేదా ఆమే. స్కానులో నొక్కుడు కనబడితే అక్కడి నుంచి సర్జన్ దగ్గరికి.

మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక జనరల్ మెడిసిన్ ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం న్యూరాలజీ మూడేళ్లు. సర్జన్ కావాలంటే జనరల్ సర్జరీ ఎంఎస్ మూడేళ్లు, ఎంసీహెచ్ మూడేళ్లు. కొన్నిచోట్ల ఎంబీబీఎస్ నుంచే నేరుగా చేరే పొడవైన కోర్సులు ఉన్నాయి. మధ్యలో రెండు పెద్ద ప్రవేశ పరీక్షలు దాటాలి. ముప్పై దాటాకే సొంతంగా కుర్చీ వేసుకోగలడు. మన దేశంలో ఈ విద్య వయసే అంత ఎక్కువ కాదు: వెల్లూరు సీఎంసీలో జాకబ్ చాందీ న్యూరోసర్జరీ విభాగం తెరిచింది 1949లో. మద్రాసులో బి. రామమూర్తి తోడై, మరో ఇద్దరితో కలిసి న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియాను పెట్టింది 1951లో. ఇన్నేళ్లు ఆగనక్కర్లేకుండా మీ తమ్ముడు ఇప్పుడే చేయగలిగిన పని కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల చిన్న పరిశోధనకు స్టైపెండ్ ఇస్తారు, ఎస్‌టీఎస్ అంటారు. కాలేజీలో ఒక అధ్యాపకుణ్ని మార్గదర్శిగా పట్టుకుని దరఖాస్తు చేయాలి. మీ మండలంలోనే బయట నుంచి వచ్చిన కోడళ్లలో పళ్లు తెల్లగా ఉండి ఎముకల్లో ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు ఎందరో చూస్తే, పరిశోధనకు అంతకంటే మంచి అంశం నాకు తోచడం లేదు. 1937 వ్యాసం రాసిన ముగ్గురిలో పండిట్ ఉన్నారు చూశారూ, ఐసీఎంఆర్‌కు తొలి డైరెక్టరు ఆయనే.

నిమ్హాన్స్ సంగతి. మానసిక, నరాల జబ్బులకు అది గొప్ప సంస్థ, సందేహం లేదు. 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ పాత మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాలనూ కలిపి 1974లో ఏర్పరిచారు. 2012 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. వైద్యం, శిక్షణ, పరిశోధన ఒకే ఆవరణలో జరుగుతాయి. పరిశోధన కోసం మెదళ్లను భద్రపరిచే బ్యాంకు కూడా అక్కడ ఉంది. జబ్బు ఏమిటో ఎవరికీ అంతుచిక్కనప్పుడు, ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెప్పినప్పుడు అక్కడికి వెళ్లడం సబబు. మీ అమ్మకు ఇంకా మెడ స్కానే తీయలేదు. ఆ పనికి బెంగళూరు ప్రయాణం దేనికి? గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, తిరుపతి స్విమ్స్, నెల్లూరులోని బోధనాసుపత్రులు మీకు దగ్గర. ఆపరేషన్ అయ్యాక ఎన్నోసార్లు చూపించుకోవాలి, ఫిజియోథెరపీకి తిరగాలి. ఆ రాకపోకలు తట్టుకోగల దూరంలో ఉన్నచోటే మంచిదని నా అభిప్రాయం. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకుని, ఆసుపత్రిలోని డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో (జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు) ఆపరేషన్ దాని కింద వస్తుందో లేదో ముందే కనుక్కోండి. స్కానుకు అప్పు చేసేముందు 104కు ఫోన్ చేసి అడగండి.

నాన్న భయానికి నేను తేలిగ్గా సమాధానం చెప్పను. ఈ ఆపరేషన్‌లో ప్రమాదం ఉంది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక రాయిలా ఉంటుంది, డ్రిల్లుతో కొద్దికొద్దిగా అరగదీయాలి. వెన్నుపాము మీది పొర ఎముకకు అతుక్కుపోయి ఉండవచ్చు. అందుకే ‘ఫ్లోరైడ్ మెడలకు మీరు ఆపరేషన్లు చేశారా, చేసినవాళ్లు ఎలా ఉన్నారు?’ అని సర్జన్‌ను అడగడం మీ హక్కు. దానికి విసుక్కునే సర్జన్ అయితే ఇంకొకరిని చూడండి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ‘ఏది తిరిగి రాదు?’ ఆపరేషన్ ముఖ్య ఉద్దేశం ఇప్పుడున్న స్థితి ఇంకా దిగజారకుండా ఆపడం. చాలామందికి నడక, చేతిపట్టు కొంత మెరుగవుతాయి. పూర్తిగా పూర్వంలా అవుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు. నొక్కుడు ఎంతకాలం సాగితే తిరిగి వచ్చేది అంత తగ్గుతుంది. ఆపరేషన్ చేయించకుండా ఉండటం వల్ల కూడా మనుషులు మంచాన పడతారు, కాకపోతే అది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలో వేయరు. నాన్నకు ఈ సంగతి మీరు కాకుండా సర్జన్ చెబితే బాగుంటుంది. ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి.

ఈలోగా అమ్మ తల మీద గడ్డిమోపు, నీళ్ల బిందె ఎత్తుకోకూడదు. బైకు వెనక కూర్చుని గుంతల రోడ్డు మీద ప్రయాణం వద్దు. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించండి. ఈ స్థితిలో జారిపడితే మెడకు తగిలే దెబ్బ మామూలు దెబ్బ కాదు.

నీళ్లు మార్చడం ఇంట్లో అందరికీ కావాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్‌తోనూ పోదు. ఆర్‌ఓ నీళ్లు లేదా కాలువ నీళ్లు వాడండి, తాగడానికి మాత్రమే కాదు, అన్నానికి, పప్పుకు, టీకి కూడా. క్యాన్ తెప్పించుకుని వంట మాత్రం బోరు నీళ్లతో చేసే ఇళ్లు నేను ఎన్నో చూస్తుంటాను. పాలు, పెరుగు, రాగులు సమృద్ధిగా పెట్టండి, కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. నల్ల ఉప్పు మానేయండి.

న్యూరాలజిస్టు దగ్గర తేదీ దొరకడానికి ఒకటి రెండు వారాలు పడితే ఆగవచ్చు. కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లు ఒక్కసారిగా మరీ మొరాయించినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆ తేదీ కోసం చూడవద్దు. 108 పిలిచి, మెడ కదలకుండా పడుకోబెట్టి, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి. పాత ఎక్స్‌రేలు, స్కానులు, సూదుల చీటీ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కనే వేలాడదీసి ఉంచండి.